తిరిగిరాని రాజకొడుకు

నా చిన్నప్పుడు, అల్లవరానికి దిగువన సముద్రపు ఒడ్డున మా పాక ఉండేది. నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, చేపల వేటకు వెళ్లిన మా నాన్న పడవ తిరిగి రాలేదు. మూడు నెలలైనా మా అమ్మ ఆయనకు కర్మ చేయనివ్వలేదు. రోజూ నాన్న వాటా అన్నం తీసిపెట్టి, తాను గంజినీళ్లు తాగి ఊరుకునేది. మనిషి ఎండుపుల్ల అయిపోయింది.

ఆ తప్పు నాదే. తోలుబొమ్మలాటలు చూసి చూసి నేనొక సంగతి కనిపెట్టాను. ఏ కథైనా ఒకటే దారి. ఒకడు ఇల్లు వదులుతాడు, వద్దన్న దిక్కుకే పోతాడు, ఆపదలో పడతాడు, ఎవరో ముసలమ్మ ఆదుకుంటుంది, చివరికి ఇల్లు చేరతాడు. పేర్లు మారతాయి గాని దారి మారదు. మా నాన్న కూడా అందరూ వద్దంటున్నా గాలిరోజున వెళ్లాడు. ఇంకేం, అచ్చం కథే అనుకున్నాను. ఇవాళ నాన్నకు ముసలమ్మ ఎదురుపడిందనీ, రేపు దారి చెబుతుందనీ అమ్మకు చెప్పేదాన్ని. అమ్మ నమ్మింది. దేవుడు నాకు అంత తెలివి ఎందుకిచ్చాడో.

ఒకనాటి పొద్దున, మా పాకల దగ్గర దిగిన బొమ్మలాట తాతయ్య ఏటికి వెళుతుంటే వెంటపడ్డాను. ఆయన చేతిలో రాజకొడుకు బొమ్మ ఉంది. ఎన్నో కథల్లో ఇల్లు చేరిన బొమ్మే అది. తోలు చిరిగి పనికిరాకుండా పోయింది. దానికి పసుపు కుంకుమ పెట్టి, అరటిబోదెల తెప్పమీద పడుకోబెట్టి, మనిషిని సాగనంపినట్టే నీళ్లలో వదిలాడు.

"మళ్లీ ఎప్పుడొస్తాడండీ?" అన్నాను.

మా ఇంటి సంగతి ఆయనకు తెలుసు. నవ్వలేదు.

"ఇది రాదు తల్లీ. రేపటి ఆటలో రాజకొడుకు వస్తాడు. మావాడు కొత్త తోలు కోసేడు. తిరిగొచ్చేది వేషమేనమ్మా, ఈ బొమ్మ కాదు."

"మరి కథల్లో అందరూ వస్తారు కదండీ?"

"ఆయ్. రానివాళ్లమీద మేం ఆట కట్టం. జనం కూర్చోలేరు."

ఆయనమీద పట్టరాని కోపం వచ్చింది. తెప్ప కనుమరుగయ్యేదాకా నిలబడి ఇంటికొచ్చాను.

"ఈవేళ మీ నాన్న ఎందాకా వచ్చేరే?" అంది అమ్మ, రోజూ అడిగినట్టే.

"రాడమ్మా. అదంతా నేను కల్పించేను."

అమ్మ నన్ను చెంపమీద కొట్టింది. ఆ తరువాత నన్ను పట్టుకుని ఏడ్చింది. పొద్దు వాలాక, నాన్నకని తీసిపెట్టిన అన్నం తనే తింది. ఆ వారంలోనే కర్మ జరిగింది. ఆమె బతికినన్నాళ్లూ మళ్లీ నన్ను కథ చెప్పమనలేదు.

ఇప్పుడు నా మనవలకు ఎన్ని కథలైనా చెబుతాను. ఎవరికోసమో ఎదురుచూసే మనిషి ముందు మాత్రం కథ ఎత్తను. ఎత్తబోతే మా అమ్మ పక్కటెముకలు కళ్లకు కడతాయి.