ఖాతాలో ఇరుక్కున్న బండి

మా మరిది పోయిన వారం కన్నుమూశాడు. మన బిల్డింగువాళ్ళు పెట్టిన సంతాప సభలో మీలో ఒకరు, మైకు చేతికి దొరికింది కదా అని, "పాపం, పాత మోటార్‌సైకిలొకటి కొని మెట్లకింద పడేశాడు. ఇక దాన్ని భంగార్‌వాడికి పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తే బిల్డింగుకే మంచిది" అన్నారు. చిన్న సవరణ. ఆయన దాన్ని పడేయలేదు, నిలబెట్టాడు. ఈ తేడా చెప్పడానికి ఆయన లేడు గనుక ఆ పని నా మీద పడింది.

ఇక్కడే సూరత్‌లో, ఖటోదరాలో మరమగ్గం నడిపేవాడు, గోడాదరాలో మా పై అంతస్తులో ఉండేవాడు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. ఇద్దరిదీ ఒకే తెలుగు. అయినా ఒక్క మాట దగ్గర మేం చాలాసేపు రెండు భాషలు మాట్లాడుకున్నాం.

"వదినా, బండొకటి కొన్న. ఖాతాల ఇరుక్కుంది. జర నువ్వొచ్చి మాట్లాడాలె" అన్నాడొకరోజు.

ఖాతా అనగానే నా బుర్ర కౌంటరు వెనక్కి వెళ్ళి కూర్చుంది. "పాస్‌బుక్కు తెచ్చినవా? ఆధార్ కార్డు ఏది?" అన్నాను.

చదువుకున్న వదిన అడిగింది కదా అని పైకి వెళ్ళి రెండూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏ బ్రాంచి?"

"బ్రాంచేంది వదినా! మా ఖాతానే. మగ్గాలెనుక, గోడకు."

సూరత్‌లో మగ్గాల షెడ్డును కూడా ఖాతా అంటారన్న సంగతి అప్పుడు తట్టింది. పాస్‌బుక్కు తిరిగి ఇచ్చేసి, చూద్దామని వెంట వెళ్ళాను.

అది షెడ్డు యజమాని సేఠ్ కొడుకు బండి. కారు కొనుక్కున్నాక దాన్ని షెడ్డులో గోడకు ఆనించి మరిచిపోయాడు. తరవాత దాని ముందు కొత్తగా మగ్గాలు బిగించారు. ఏళ్ళ తరబడి నూలు నూగు పడీపడీ బండి మొత్తం ఉన్ని కప్పుకున్న గొర్రెలా ఉంది.

"ఇందులో ఏం చూసి కొన్నవయ్యా?" అని అరిచాను. ఆ మోతలో అరవక తప్పదు.

"రోజూ నా ఎదురుంగనే ఉంటది వదినా. చెడిపోలె, ఇరుక్కుంది గంతే."

ఆ మాట ఆయనకు ఊతపదం. లిఫ్టు ఆగినా, బీరువా తలుపు రాకపోయినా, చివరికి తన దగ్గు గురించి అడిగినా అదే జవాబు. ఇంకో అలవాటు కూడా ఉండేది. మా ఇంటికొస్తే చెప్పులు విడిచి, వంగి, వాటిని వీధివైపు తిప్పి పెట్టేవాడు. "అప్పుడే పోతవా?" అంటే నవ్వేవాడు.

సేఠ్ "లే జా భాయ్, లే జా" అని తీసుకుపొమ్మన్నాడు. బండి బయటికి రావాలంటే ముందున్న మగ్గం విప్పి జరపాలి; దాన్ని మాత్రం ఒక్కపూట కూడా ఆపనన్నాడు. దీపావళి సెలవుల్లో మగ్గాలు ఆగుతాయి, కానీ సేఠ్ షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని ఊరెళ్తాడు. నడిస్తే దారి లేదు, ఆగితే తాళం. ఇంత చక్కటి బందిఖానా జైలు కట్టేవాళ్ళకు కూడా చేతకాదు. అందులో రోజుకు పన్నెండు గంటలు మనిషి కూడా ఉండేవాడని మీకు గుర్తుచేయడం నా ఉద్దేశం కాదు.

ఎన్నో దీపావళులు అట్లాగే గడిచాయి. చివరికి సేఠ్ మగ్గాలనే అమ్మేశాడు. అవి లారీ ఎక్కిన రోజునే బండికి దారి దొరికింది, మా మరిదికి పని పోయింది. రెండూ ఒకే తలుపులోంచి.

టైర్లలో గాలి పోయి, బ్రేకులు పట్టేసిన బండిని నలుగురు ఎత్తి టెంపోలో పెట్టారు. డ్రైవరు పడుకోబెడదామన్నాడు. "పండవెడితే నూనె కారుతది" అని మా మరిది దానిమీదే ఎక్కి కూర్చున్నాడు. నేను ముందు, డ్రైవరు పక్కన.

"మాసీ, కాకా ఎక్కడికి పోతున్నాడు?" అన్నాడు డ్రైవరు హిందీలో, నవ్వాపుకుంటూ.

"ఆయన్నే అడుగు. నడిపేది ఆయనే కదా" అన్నాను.

వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. సిగ్నలు దగ్గర టెంపో ఆగినప్పుడల్లా ఎడమకాలు కిందికి ఆనించేవాడు. కదలగానే తీసేవాడు. మలుపొస్తే ఒరిగేవాడు. ఇంటిముందు దిగి, నూగంటిన మొహంతో ఒక్కటే అన్నాడు: "గాలి మంచిగ కొట్టింది వదినా."

బండి స్టార్టు కాలేదు. అయినా మెట్లకింద గేటువైపు తిప్పి పెట్టాడు, తన చెప్పుల్లాగే. మర్నాడు దాని ముందు మీ స్కూటర్లు వచ్చాయి, తరవాత నీళ్ళ డబ్బాలు. "జర మీ బండ్లు తీస్తరా, గేటు దాకా తోసుకుంట" అని ఆయన ఇంటింటికీ వచ్చి అడగడం మీకు గుర్తుండే ఉంటుంది. "రేపు, కాకా" అన్నది కూడా.

చివరికి ఆ దగ్గుతోనే చేరిన ఆసుపత్రిలో, మూతి మీది ఆక్సిజన్ మాస్కు జరిపి, "చెడిపోలె వదినా..." అన్నాడు. ఊపిరి అక్కడిదాకే వచ్చింది. మిగతాది నేను పూర్తిచేశాను.

భంగార్‌వాడిని రావద్దన్నాను. ఆదివారం పొద్దున, పాలవాడు వెళ్ళాక, మీ స్కూటర్లు తీసి వీధిలో పెట్టండి. నీళ్ళ డబ్బాలు కూడా. ఎవరింట్లోనైనా గాలి పంపు ఉంటే తీసుకురండి. మైకు అక్కర్లేదు. బండిని తోసి గేటు బయట, ముందు చక్రం రోడ్డువైపు ఉండేట్టు నిలబెట్టండి. పడేయకండి.