తోటలో దగ్గు

మా మామిడితోట వినగడప దారిలో ఉంది. కోతుల బాధ పడలేక, కూరగాయల బండ్లవాళ్లు పెట్టుకునే చేతిమైకు ఒకటి తిరువూరు బస్టాండు దగ్గర షాపులో కొన్నాను. మా ఆవిడ అందులో "హోయ్! పో! పో!" అని అరిచి రికార్డు చేసింది. చెట్టుకు కడితే రోజంతా అదే అరుపు.

ఒక సాయంత్రం బ్యాటరీలు మార్చి ఆన్ చేశాను. మా ఆవిడ గొంతు చెరిగిపోయింది. దాని బదులు ఎవరో ఆడమనిషి తెలియని భాషలో నాలుగు ముక్కలు మాట్లాడి చిన్నగా దగ్గింది. మళ్లీ అవే ముక్కలు, అదే దగ్గు. దాన్ని అలాగే వదిలేసి ఇంటికొచ్చేశాను.

మర్నాడు షాపాయన మీద ఎగిరిపడ్డాను.

"చైనా సరుకండీ. పరీక్షకని ఫ్యాక్టరీలోనే ఒకామె గొంతు ఎక్కించి పంపిస్తారు. బ్యాటరీలు తీస్తే మనం ఎక్కించింది పోయి అదే వస్తది. కోతులు దానికే బెదురుతున్నాయని చాలామంది అదే ఉంచేసుకుంటున్నారు."

"ఈపాటి మైకు కూడా మనం చేసుకోలేమా?"

"చేయొచ్చండి. స్పీకరు, చిప్పు, డబ్బా, స్క్రూలు అక్కడ ఒక్క పేటలోనే దొరుకుతాయి. ఇక్కడ ఒక్కోటి ఒక్కో ఊరి నుంచి తెప్పించి బిగించేసరికి మీ తోటలో కోత అయిపోద్ది. రేటూ గిట్టదు."

నిజమే అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు. పొద్దుగూకే వేళ తోటకెళ్లి, మైకు విప్పి, బ్యాటరీలు పీకి జేబులో వేసుకున్నాను. కొమ్మల్లో ఒక్క కోతి కూడా లేదు.

అప్పుడు పక్క తోటలోంచి ఆమె దగ్గింది. కాసేపటికి రెడ్డిగూడెం వైపు నుంచి, ఇంకా సన్నగా, మళ్లీ ఆమే.