పాతరలో ఆరిన కందిలి

అది 1962. జహీరాబాద్‌లో నాది ధాన్యం దుకాణం. అప్పట్లో రైతులు జొన్నల్ని పాతరలో దాచేవాళ్లు. పాతరంటే నేలలో తవ్విన లోతైన గొయ్యి. గడ్డి పరిచి, గింజలు పోసి, మట్టితో మూసేస్తారు. అది తెరిచారని కబురొస్తే కొనడానికి నేను బయలుదేరేవాణ్ణి.

ఆ వేసవిలో ఝరాసంగం దగ్గరి పల్లెకు వెళ్లేసరికి రైతు మల్లయ్య అప్పుడే మూత తీశాడు. గింజలు అడుగునే ఉన్నాయి, పైనంతా లోతుగా ఖాళీ. మామూలుగా ఒక రోజు అలాగే వదిలేసి, తర్వాతే దిగుతారు. కానీ ఆ రోజు అతని బామ్మర్ది కిష్టయ్య చుట్టపుచూపుగా వచ్చి ఉన్నాడు.

"ఏం బావా, రేపటిదాంక ఆగాల్నా? భయమైతే చెప్పు, నేను దిగుత!"

అంతే, మల్లయ్య రుమాలు బిగించి, పాతరలోకి కాళ్లు వేలాడేశాడు.

"ఆగు మల్లయ్యా!" అన్నాను. "గింజలు గుడ మనలెక్కనే ఊపిరి తీసుకుంటయి. లోపటున్న ఆక్సిజన్ అంత తాగి కార్బన్ డయాక్సైడ్ ఇడుస్తయి. అది బరువు గాలి, అడుగునే పండుకుంటది. దిగినోడు మల్ల ఎక్కడు."

అందరూ విరగబడి నవ్వారు.

"జొన్నలు ఊపిరి తీసుకుంటయట!" అంది మల్లయ్య భార్య సాయమ్మ. "శేటూ, రాయికోడ్ తొవ్వల చిర్తపులికి బీడీ ముట్టిచ్చింది నువ్వే గదా?"

నేనే. కిందటేడు వీళ్ల అరుగు మీదే ఆ కోత కోశాను. ఇలా నిజం చెప్పాల్సిన రోజొకటి వస్తుందని ఎవరనుకున్నారు!

ఇక మాటలు మానేసి, వాళ్ల ఇంటి కందిలి, అదే లాంతరు, వెలిగించి, తాడు కట్టి దింపాను. సగం లోతుకు పోగానే మంట చిన్నబోయి ఆరిపోయింది.

"గాలికి ఆరింది," అన్నాడు కిష్టయ్య.

"సుట్టూ గాజుబుడ్డి ఉన్నది గద! పాతరల గాలి ఎట్ల కొడ్తది?"

మళ్లీ వెలిగించి దింపాను. మళ్లీ అక్కడే ఆరింది.

"కిష్టయ్యా, దిగుత అంటివి గద, రా!" అన్నాను.

"నాకు మోకాళ్ల నొప్పి శేటూ," అంటూ వెనక్కి జరిగాడు.

సాయమ్మ మొగుడి రెక్క పట్టి గుంజింది. "లే పైకి! దీపమే బతకని కాడ నువ్వు బతుకుతవా?"

గొంగడిని తాడుకు కట్టి, సాయంత్రం దాకా పైకీ కిందికీ ఆడించి చెడుగాలి తోడాం. మర్నాడు కందిలి అడుగుదాకా పోయినా నిలకడగా వెలిగింది. అప్పుడు దిగిన మల్లయ్య, ఈల వేస్తూ గంపలు అందించాడు.

గాలి ఉన్నంత మాత్రాన ఊపిరి ఆడదని, అందులో ఆక్సిజన్ ఉండాలని ఆ పల్లెకు తెలిసింది. నాకు తెలిసింది వేరు: కోతలు కోసేవాడి మాటను కందిలి దింపి చూస్తేగానీ ఎవరూ నమ్మరు. ఆ తర్వాత నేను చిరుత సంగతి ఎత్తితే చాలు, సాయమ్మ లోపలినుంచి కేకేసేది:

"కందిలి తెమ్మంటవా శేటూ?"