మా బావ బ్రేకుల్లో గాలి లేదు

పోయిన నెల ఒక పొద్దున తిరువళ్లూరు నుంచి వచ్చే బస్సు తిరుత్తణిలో మా వీధి మొదట్లో ఆగింది. అది స్టాపు కాదు. పాల గిన్నెతో వస్తున్న నన్ను చూసి కండక్టరు మెట్టు మీద నిలబడి కేకేశాడు. “అక్కా, మీ బావ పోయినాడంట. అన్నకు చెప్పి బిన్నా బయల్దేరండి. పాపం, గాలి మేస్త్రి మంచోడే!” ఆ మాటతో బస్సు వెళ్లిపోయింది.

ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. చావు కబురులో కూడా ఆ పేరే! బావ అంటే మా ఆయనకు సొంత అన్న. ఆ పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అరవై కూడా నిండలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ మెత్తగా రాయడం నా వల్ల కావడం లేదు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

బావ నేతవాళ్ల ఇంట్లో పుట్టినా మగ్గం మీద కూర్చోలేదు. చిన్నప్పుడే మద్రాసు వెళ్లి ఒక వర్క్‌షాపులో బ్రేకుల పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో రోడ్డు వారగా రేకుల షెడ్డు వేశాడు. వెనక మేమందరం ఉండే ఇల్లు, ముందు షెడ్డు. ఎవరైనా ఇంజను పని తెస్తే పక్క షెడ్డు చూపించేవాడు. “పోయేదానికి ఇంజను చాలునప్పా, ఇంటికొచ్చేదానికి బ్రేకు కావల్ల” అనేవాడు. ఆ మాట నేను వందసార్లు విన్నాను, వంటింటి గోడ అవతల నుంచి.

మద్రాసుకు ఉత్తరాన పాత విమానాల మైదానం ఒకటి ఉంది. అక్కడ ఏడాదికి కొన్నిసార్లు కారు పందేలు జరిగేవి. పందెం లేని ఆదివారాల్లో కూడా డబ్బున్నవాళ్లు తమ కార్లు తెచ్చి ఆ మైదానం చుట్టూ తిప్పి సరదా తీర్చుకునేవాళ్లు. ఆ కార్లు ఒకటొకటిగా మా షెడ్డుకు రావడం మొదలైంది. ఊరి కారుకు బ్రేకు రోజుకు పదిసార్లు మెల్లగా తొక్కుతారు. అక్కడ ప్రతి చుట్టుకూ, ప్రతి మలుపుకూ బలమంతా పెట్టి తొక్కుతారు. చక్రం దగ్గర ఇనుము పెనంలా కాలుతుంది.

అందుకే ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి, దేవుడొచ్చి చెప్పినా వదిలేవాడు కాదు. మైదానానికి వెళ్లే ముందు ప్రతిసారీ పాత బ్రేకాయిల్ మొత్తం తీసేసి కొత్త డబ్బా పగలగొట్టాల్సిందే. మిగిలిన ఆయిల్‌ను మూతపెట్టి దాచుకుందామంటే ఒప్పుకొనేవాడు కాదు. గాలిలో తేమ ఉంటుంది, బ్రేకాయిల్ ఆ తేమను తాగుతుంది, నీళ్లు తాగిన ఆయిల్ వేడికి ఉడికి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ తొక్కితే కాలు నేలకు తగులుతుంది తప్ప కారు ఆగదు. “మూత తీసినాక అది మందు కాదు, విషం” అనేవాడు. మా నేత ఇళ్లలో పోగు తెగితే ముడేసి వాడుకుంటాం, గంజి కూడా పారబోయం. అలాంటి ఇంట్లో ఆయన సగం డబ్బాలు పారబోస్తుంటే మా తోడికోడలు అక్క లబలబలాడేది.

చక్రాన్ని పట్టి ఆపే ప్యాడ్ల సంగతీ అంతే. కొత్తదాని పక్కన పెట్టి చూసి, సగానికి అరిగిందంటే తీసేసేవాడు. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కు పంపిస్తుంది. ఊరి కారుకైతే అవే ఇంకా చాన్నాళ్లు వచ్చేవి గానీ, మైదానంలో మాడినవాటిని ఏ కారుకూ వేయనిచ్చేవాడు కాదు. కొత్తవి ఎక్కించాక కనకమ్మ సత్రం రోడ్డులో తానే తోలుకెళ్లేవాడు. వేగంగా పోతూ గట్టిగా తొక్కి, పూర్తిగా ఆగకముందే వదిలి, మళ్లీ వేగం పెంచి తొక్కి, అలా పదిసార్లు. తర్వాత చల్లారేదాకా బ్రేకు జోలికి పోకుండా మెల్లగా ఇంటికి. తిరిగొచ్చేసరికి ప్యాడ్ ముఖమంతా ఒకే రంగుకు తిరిగి ఉండాలి. లేకపోతే మళ్లీ బయలుదేరేవాడు.

ఇక నా సంగతి. కొత్త ఆయిల్ పోశాక గొట్టాల్లో ఉన్న గాలిని తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు కార్లో కూర్చొని పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర ఉండే నిప్పిల్ అనే చిన్న మర విప్పి, బుడగలు పోయాక బిగించాలి. బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బావ దగ్గర పనికి ఎవరూ నిలిచేవాళ్లు కాదు, అంత చాదస్తం. మా ఆయన రోజూ మద్రాసుకు రైల్లో ఉద్యోగానికి వెళ్లేవాడు. అక్కకు మోకాళ్ల నొప్పి. మిగిలింది నేను. నేను పెళ్లికి ముందు మా పుట్టింట్లో గుంట మగ్గం నేసినదాన్ని. తొక్కుడు చెక్కను అదురు లేకుండా తొక్కి, అదురు లేకుండా వదలడం నా కాలికి తెలుసు. బావకు ఆ సంగతి గుర్తొచ్చింది.

కానీ మా ఇళ్లలో తమ్ముడి పెళ్లాం బావకు ఎదురుపడి మాట్లాడదు. ఆయన ఉన్నచోట కూర్చోదు. మొదటిరోజు అక్క మధ్యలో నిలబడి మాటలు మోసింది. కారు కింద నుంచి ఆయన “తొక్కమను” అంటే, అక్క “తొక్కమంటున్నాడు పాపా” అనేది. నేను “తొక్కినానక్కా” అంటే, అక్క వంగి “తొక్కిందంట” అనేది. ఈలోపు ఆయన నిప్పిల్ బిగించాడా లేదా తెలియక నేను కాలు తీసేసేదాన్ని. గాలంతా మళ్లీ లోపలికి. ఒక డబ్బా ఆయిల్ నేలపాలైంది. “మీ ఇద్దురి మర్యాద తగలెయ్య, నాకు మోకాళ్లు పోతుండాయి” అని అక్క లోపలికి వెళ్లిపోయింది. కారు కింద నుంచి బావ నవ్వు వినబడింది. ఆయన నవ్వడం నేను వినడం అదే మొదలు.

మర్నాటి నుంచి స్పానరు మాట్లాడింది. ఒక దెబ్బ కొడితే తొక్కి పట్టుకోవాలి, రెండు కొడితే వదలాలి. అలా నాలుగేళ్లు ఆ షెడ్డులో ఎన్ని కార్లు పోయాయో, అన్నిటికీ పెడల్ తొక్కింది నా కాలే. తలుపు దగ్గరికి వేసి చేసేవాళ్లం. ఊళ్లో ఎవరికీ తెలియదు. పని అయ్యాక “ఆ పిల్ల కాలు బంగారమే, దానికి కాఫీ ఇయ్యి” అని అక్కతో నాకు వినబడేట్టు చెప్పేవాడు. నన్ను అంతలా మెచ్చుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

మద్రాసులో డబ్బున్న ఆసామి ఒకడు ఉండేవాడు, అందరూ ముదలాళి అనేవాళ్లు. మిల్లు సొంతదారు కొడుకు. ఆయన కారుకు ముందు చక్రాలకు ఫారిన్ డిస్కులు, ఫారిన్ ప్యాడ్లు. ఒకసారి పందేలకు ముందురోజు కారు మా దగ్గరకు వచ్చింది. కొత్త ప్యాడ్ల కాగితాలు విప్పి పలక మీద పెట్టింది నేను. బావ ఎక్కించాడు. తీసిన పాతవి డ్రైవరు డిక్కీలో వేసుకున్నాడు. నాలుగు చక్రాలకూ గాలి తీశాం. పెడల్ రాయిలా నిలబడింది. సత్రం రోడ్డులో పదిసార్లు తొక్కి తెచ్చాడు. మర్నాడు మా మామగారి తద్దినం కావడంతో బావ మైదానానికి వెళ్లలేదు. ఎప్పుడూ వెంట వెళ్లేవాడు, ఆ ఒక్కరోజే వెళ్లలేదు.

ఆ సాయంత్రం కారును తాళ్లు కట్టి ఈడ్చుకొచ్చారు. వేగంగా వచ్చి మలుపు దగ్గర తొక్కితే బ్రేకు పట్టలేదట, గడ్డిమోపులను గుద్దింది. ముదలాళికి గీత కూడా పడలేదు. అక్కడ జెండా పట్టుకొని నిలబడిన కూలీకి చెయ్యి విరిగింది. బావ చక్రాలు విప్పి చూశాడు. లోపల పాత ప్యాడ్లు, మాడి బొగ్గయినవి! తాను ఎక్కించిన కొత్తవి డిక్కీలో కాగితం చుట్టి ఉన్నాయి. పొద్దున ఉత్త తిరుగుడుకు పాతవి చాలు, కొత్తవి మధ్యాహ్నం అసలు పందేనికి ఉంచుకుందామని ముదలాళే మార్చించి ఉంటాడు. డ్రైవరు నేల చూపులు చూస్తున్నాడు. ముదలాళి మాత్రం మాట మార్చేశాడు. కొత్తవి డిక్కీలో ఉన్నాయంటే నువ్వు అసలు ఎక్కించనే లేదు, గాలి కూడా తీయలేదు అన్నాడు.

బావ కొత్త ప్యాడ్ తీసి “ఇది చూడండి, కాలిన రంగు తేలుండాదే! ఎక్కించకనే కాలినాదా?” అని చూపించాడు. ఎవరు వింటారు? ముదలాళి తన వెంట వచ్చిన ఇద్దరు మెకానిక్కుల ముందు అరవంలో ఒకే ప్రశ్న అడిగాడు. “పెడల్ యారుయ్యా మిదిచ్చదు?” తొక్కింది ఎవరు, అతన్ని పిలువు, వచ్చి చెప్పనీ అని.

నేను తలుపు వెనకే ఉన్నాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. మా ఆయన అప్పుడే రైలు దిగి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆయనకు అంతా తెలుసు. బావ ఒకసారి తమ్ముడి ముఖం చూశాడు. తమ్ముడు చెప్పులు చూసుకున్నాడు.

“నాందాన్. ఒరుత్తనా సెంజేన్” అన్నాడు బావ. నేనే, ఒక్కణ్నే చేశాను అని.

మెకానిక్కులు పగలబడి నవ్వారు. “నాలుగు చేతులుండాయా మేస్త్రీ నీకు? ఈడ తొక్కి, ఆడ నిప్పిల్ తిప్పినావా?” ఒక్కడు చేయలేని పని అని ఆ విద్య తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆ ఒక్క అబద్ధంతో బావ చెప్పిన నిజాలన్నీ అబద్ధాలైపోయాయి. జీవితంలో ఆయన ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. అది నా కోసం.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు నేను. వెళ్లి చెప్పేస్తానని అక్కతో అనిపించాను. బావ జవాబు అక్కతోనే వచ్చింది. “కారు పోతే ఇంకో కారు వస్తాది. ఇంట్లో ఆడబిడ్డ పేరు రచ్చకెక్కితే యాడ నుంచి తెచ్చేది? దాన్ని నోరు మూసుకోమను.” చెబుతున్నాను, ఆ మాటకు ఈనాటికీ నా ఒళ్లు మండుతుంది. కారు కింద మనిషి, కార్లో నేను, మధ్యలో ఇనుము. ఇందులో రచ్చ ఏముంది? నా పేరు దాచిపెట్టమని నేను అడిగానా? నన్ను అడక్కుండా తన పేరు తీసుకెళ్లి నా పేరుకు అడ్డం పెట్టడానికి ఈయనెవరు? అంత మంచితనం చూపించి నన్ను జీవితాంతం దొంగను చేశాడు. ఆయన మీద నాకున్నంత కోపం ఆ ముదలాళి మీద కూడా లేదు. నా మీద నాకున్నది దానికంటే ఎక్కువ. అక్క పట్టుకున్నది మణికట్టునే గదా, నోరు కాదు గదా!

తర్వాత పందెం కార్లు రాలేదు. టాక్సీలు కూడా తగ్గాయి. బ్రేకుల్లో గాలి తీయకుండా వదిలేస్తాడని పేరు పడింది, గాలి మేస్త్రి అన్నారు. పిల్లలు కూడా అన్నారు. మా మకాం తిరుత్తణికి మారింది. నేను వెళ్లిపోయాక ఆయనకు పెడల్ తొక్కేవాళ్లు లేరు. ఎవరి షెడ్డులోనో లారీ చక్రాలు విప్పుతూ పదేళ్లు గడిపాడు. అక్కడ కూడా మూత తీసిన డబ్బాను పారబోశాడని రెండుసార్లు పనిలోంచి తీసేశారట. అది విన్నప్పుడు మాత్రం నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

పెద్దకర్మ నాడు షెడ్డు ముందు పందిరి వేశారు. మగవాళ్లు కుర్చీల్లో, మేము లోపల. ముదలాళి వచ్చాడు. ఒళ్లు చేశాడు, చేతిలో గులాబీల మాల. ఫోటోకు వేసి, కుర్చీలో చేరగిలబడి, చుట్టూ వినబడేట్టు అన్నాడు. “నల్ల మనుషన్. అన్నిక్కి ఒరు తప్పు నడందుదు. నాన్ ఎప్పవో మన్నిచ్చిట్టేన్.” మంచి మనిషి, ఆ రోజు ఒక తప్పు జరిగింది, నేను ఎప్పుడో మన్నించేశాను అని.

మన్నించాడట! చుట్టూ ఉన్నవాళ్లు ఎంత గొప్ప మనసని తలలు ఊపారు. మా ఆయన కూడా ఊపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని మజ్జిగ గ్లాసుల పళ్లెం కింద పెట్టాను. ఈసారి అక్క నన్ను పట్టుకోలేదు. “పో పాపా” అంది.

“ఎవురిని మన్నించినావయ్యా నువ్వు?” అన్నాను, కుర్చీల మధ్యకు వెళ్లి.

“ఏమే, లోపలికి పో” అన్నాడు మా ఆయన.

“పోను. పదేండ్లు లోపలే ఉన్నాను గదా!” నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “కొత్త ప్యాడ్లు ఎక్కించినాడు మా బావ. కాగితం విప్పి పెట్టింది నేను. నాలుగు చక్రాలకూ గాలి తీసినాడు. పాతవి మల్లా ఎక్కించింది నీ డ్రైవరు, ఎక్కించమన్నది నువ్వు. పెడల్ ఎవురు తొక్కినారని ఆ పొద్దు అడిగినావు గదా, ఇప్పుడు అడుగు!”

“యారు, నీయా?” అన్నాడు ముదలాళి. నవ్వబోయాడు.

నేను కుచ్చెళ్లు పట్టి జానెడు పైకెత్తి, కుడికాలు ముందుకు చాపి, అంతమంది మగవాళ్ల మధ్య పెడల్ తొక్కినట్టు నేలను తొక్కి పట్టుకున్నాను. ఒక ఇంటి ఆడది అలా చేస్తే చూడలేక మా ఆయన, ముదలాళి, అందరూ తలలు దించుకున్నారు. తల దించినవాళ్లకు అక్కడ కనబడేది నా కాలొక్కటే. నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు.