సొంత చేతి పజోరు

అరకు వైపు ఘాటు ఎక్కే దారిలో, మొదటి మలుపులు దాటాక, కొండ కాస్త వెనక్కి జరిగినట్టు ఒక చదును ఉంది. ఆదివారం అక్కడ సంత. మిగతా రోజుల్లో పొయ్యిరాళ్లు, మేక పెంటికలు తప్ప అక్కడ ఏమీ కనిపించవు. ఈ దేశపు రాజకీయాల మీద నాకున్న కాస్త నమ్మకం ఆ చదును మీద పుట్టింది కాబట్టి దాని సంగతి రాస్తున్నాను.

అవి పంతొమ్మిది వందల ఇరవైల్లో సగం గడిచిన రోజులు. నేను కొండ దిగువ ఊళ్లో బోర్డు బడి పంతుల్ని. పట్నంలో సంస్కరణ సభల్లో వాదించడం నేర్చుకున్నవాణ్ని. వితంతు వివాహం దగ్గర్నుంచి గ్రహణ స్నానం దాకా దేని మీదైనా సరే, ఎదుటివాడి నోరు మూయించగలనన్న ధీమాతో ఆ ఊళ్లో దిగాను. తీరా చూస్తే అక్కడ వాదించడానికే ఎవరికీ తీరిక లేదు. ఆదివారం బడి ఉండదు. మనుషుల కోసం సంతకి ఎక్కేవాణ్ని.

కొండవాళ్లు పసుపు, అల్లం, నూనెకు ఒలిసెలు, చింతపండు, అడ్డాకులు తెచ్చేవారు. దిగువ వాళ్లు ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు, కుండలు తెచ్చేవారు. సంతలో ఒక నల్లరాయి పక్కన ఒకామె అల్లం పరిచేది. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, పిల్లల్లేరు. పైన గూడెంలో ఒంటరిగా ఉంటూ తన చెక్క పొలంలో తనే పండించుకునేది. అందరూ ఆమెను అప్ప అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. దేవతలు లేరని ఆమెతో ఎన్ని ఆదివారాలు వాదించానో! ఓపిగ్గా వినేది. చివర్లో, "సరే పంతులూ, నీ మాటే నిజం. అల్లం పట్టుకెల్తావా, లేదా?" అనేది.

ఆ సంత మీద ఒక షావుకారు కన్ను పడింది. దిగువన బండ్ల బాట పక్కన ఆయనకు చింతపండు గిడ్డంగి, దాని చుట్టూ గోడ కట్టిన పెద్ద దొడ్డి, ఆ దొడ్డికి ఒకే ఒక గేటు ఉన్నాయి. సంతను ఆ దొడ్డిలోకి మార్చాలని ఆయన కోరిక. పైకి చెప్పే కారణం జనానికి నీడ, నీళ్లు. అసలు కారణం సంతలో తిరిగే ప్రతివాడికీ తెలుసు. చదును మీదైతే కొనేవాళ్లు పదిమంది. ఒకడు తక్కువ చెబితే బుట్ట ఎత్తుకుని ఇంకొకడి దగ్గరికి పోవచ్చు. గోడల మధ్యయితే కాటా ఆయనది, ధర ఆయనది.

ఆ చదును దాకా తాలూకా బోర్డు హద్దు, ఆపైన ఏజెన్సీ. సంత ఎక్కడ జరగాలో నిర్ణయించేది బోర్డు. మా వైపు మెంబరుగారు బోర్డులో కూర్చున్నది షావుకారు చలవ వల్లే. ఎన్నికలకు ఓటర్లను తెచ్చిన బళ్లు షావుకారువి, వాళ్లు తిన్న పులిహోర, లడ్డూలు షావుకారువి. గెలిచాక కూడా మెంబరుగారు ఎక్కే బండి, కట్టే పంచె, పట్నంలో దిగే మేడ అన్నీ షావుకారువే. అప్పట్లో శిస్తు కట్టేవాడికే ఓటు. కొండవాళ్లలో ఒక్కరికీ లేదు. సంత కొండవాళ్లది, ఓటు దిగువ రైతులది, మెంబరు షావుకారు మనిషి. ఇంతకంటే సులువైన లెక్క బళ్లో పిల్లలకు కూడా నేను ఇవ్వలేదు.

అయినా బోర్డు అధ్యక్షుడు చిన్న మెలిక పెట్టాడు. తీర్మానానికి ముందు మెంబరు స్వయంగా వెళ్లి కొండవాళ్ల సమ్మతి కనుక్కుని రావాలన్నాడు. చైత్రమాసంలో ఒక ఆదివారం ఖాయమైంది. ముందటి సంతలో నేను అప్ప దగ్గర కూర్చున్నాను.

"మెంబరుగారు వస్తున్నారప్పా. నువ్వు లేచి నాలుగు మాటలు చెప్పాలి."

"ఏటి సెప్పమంతావు?"

"సంత కదిపితే నీకేం నష్టమో, అదే."

"ఆడి దొడ్డిదాకా దిగితే, అమ్మలేని సరుకు మల్లీ మోసుకుని ఎక్కలేను. మోకాలు ఒప్పదు. చీకటడిపోతే ఆడి అరుగు మీదే పడుండాల. తెల్లారి ఆడు ఎంతంటే అంతకి ఇచ్చీసి రావాల. రెండేల్లు అలగయితే చెక్క ఒగ్గీసి కూలికి పోవాల. ఇదంతా ఆ బాబుకి తెల్దేటి?"

"తెలుసు. అయినా చెప్పాలి."

"తెలిసినోడికి సెప్పడం ఏల పంతులూ?"

నేను నిరుత్సాహపడలేదు. ఆమె చెప్పకపోతే నేను చెబుతాను. బోర్డు జీతగాణ్ని కాబట్టి ఉద్యోగం ఊడవచ్చు, ఊడితే ఊడనీ. ఆ వారమంతా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ధనం ప్రజాభిప్రాయాన్ని ఎలా మింగేస్తుందో ఉపమానాలతో సహా కుదిరింది.

ఆ రోజు నేను లేవబోతుంటే అప్ప ఇంకో సంగతి చెప్పింది. మెంబరుగారు వచ్చే ఆదివారం ఇటుకల పండగ అనే వాళ్ల వేట పండగ రోజుల్లో పడింది. మగవాళ్లు అడవికి వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టి పాటలు పాడతారు. దారిన పోయేవాడు ఎవడైనా ఏదో ఒకటి ఇచ్చి కదలాలి. దాన్ని పజోరు అంటారు. వచ్చినదంతా కలిపి అందరూ కలిసి తింటారు. ఇవ్వడానికి ఏమీ లేనివాడు వాళ్లతో కలిసి ఆడాలి.

ఇలాంటి ఆచారం కనిపిస్తే నేను ఊరుకోలేను. "దారికాచి అడుక్కోవడం కాదా ఇది?" అన్నాను.

"అడుక్కోడం ఏల అవుద్ది? పజోరు ఇచ్చినోడు ఆ దినానికి మా మనిసి. మాతోటి కూకుని తింటాడు. అందుకే ఎవులిది ఆలే ఇవ్వాల. అత్త బదులు కోడలు ఇచ్చినా తీసుకోం."

ఆ చివరి మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. మనసంతా ఉపన్యాసం మీదే ఉంది.

ఆదివారం నేను ఘాటు ఎక్కేసరికి చదునుకు కాస్త ఇవతలే కర్ర అడ్డం పెట్టి ఉంది. ఇరవై ముప్ఫైమంది ఆడవాళ్లు, తలల్లో పూలు, ఒకరి నడుం చుట్టూ ఒకరు చెయ్యి వేసుకుని ఆడుతున్నారు. పంతులని నన్ను వదల్లేదు. జేబులో ఉన్న కానీ నాణెం ఇచ్చి, కర్ర కిందనుంచి దూరి, అవతల నిలబడ్డాను.

కాసేపటికి గూడుబండి వచ్చింది. లోపల షావుకారు, మెంబరుగారు. వెనక బంట్రోతు నడుస్తున్నాడు. పాట ఆగలేదు, కర్ర లేవలేదు. షావుకారు బండిలోంచి తల బయటపెట్టి సంగతి గ్రహించాడు. పండగ ఇనాం కాబోలనుకున్నాడు. ఒక వెండి రూపాయి తీసి మట్టిలోకి విసిరాడు.

"అందరికీ కలిపి! తియ్యండి కర్ర!"

ఒక గుంటపిల్ల పరుగెత్తుకెళ్లి రూపాయి తీసి అప్ప చేతిలో పెట్టింది. అప్ప దాన్ని కొంగున కట్టుకుంది. "ఇది నీది సావుకారు బాబూ. ముట్టినాది. మిగతావోలవి?"

బండివాడు మొలలోంచి పైస తీసి ఇచ్చాడు. బంట్రోతు తలపాగా కొసన కట్టుకున్న పొగాకు సగం తుంచి ఇచ్చాడు. ఇక మెంబరుగారు మిగిలారు.

"ఆయనది అందులోనే ఉంది," అన్నాడు షావుకారు.

"ఏల? ఆ బాబుకి సేతుల్లేవేటి?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. షావుకారు ఇంకో రూపాయి చూపించాడు. అప్ప తీసుకోలేదు.

"ఓలమ్మా! అన్నం కూడా నువ్వే కలిపి ఎడతావేటి ఆ బాబుకి?"

మెంబరుగారు బండి దిగారు. కోటు జేబులు రెండూ తడుముకున్నారు. ఏమీ లేదు. చాలాకాలంగా వాటిలో ఏదైనా ఉండాల్సిన అవసరమే పడలేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. షావుకారు చల్లగా ఒక రూపాయి ఆయన అరచేతిలో పెట్టాడు. మెంబరుగారు దాన్ని అప్ప ముందుకు చాపారు. అప్ప చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సూసినాను బాబూ. ఆ సేతిలోంచి ఈ సేతిలోకి వచ్చినాది. నీదేటుంది?"

గొడుగు ఇవ్వబోయారు. "అది మా షావుకారుగారిదండీ," అన్నాడు బండివాడు అమాయకంగా. పై కండువా మీద చెయ్యి వేసి, అదీ షావుకారుదేనని గుర్తొచ్చి తనే వెనక్కి తీసుకున్నారు. ఒక్కసారి మొలదాకా పోయిన చెయ్యి అక్కడే ఆగింది.

"ఏటీ లేదా? అయితే ఆడు బాబూ, మాతోటి ఓ సుట్టు బేగి ఆడీసి పో!" అంది వెనకనుంచి ఒకామె. ఆడవాళ్లు ఆయన కోసం వరుసలో చోటు ఖాళీ చేశారు కూడా.

అప్పుడు మెంబరుగారు మొలలోంచి చిన్న కొమ్ము డబ్బీ తీశారు. ముక్కుపొడుం డబ్బీ. "ఇది నాదే," అన్నారు. "మా ఇంట్లో మా ఆవిడ నూరిన పొడుం."

అప్ప అరచెయ్యి చాపింది. ఆయన చిటికెడు వేశారు. ఆమె పీల్చింది. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత వచ్చిన తుమ్ముకి బండెద్దు తల ఎగరేసింది. ఇక ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపడమే. డబ్బీ ఖాళీ అయ్యేదాకా ఆ దారంతా తుమ్ములే. మెంబరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు.

కర్ర లేచింది. షావుకారు బండిలోంచి, "ఎక్కండి, పొద్దు పోతోంది," అన్నాడు.

"పజోరు ఇచ్చినోడు తినకుండా పోడు," అంది అప్ప.

మెంబరుగారు అటూ ఇటూ చూశారు. "మీరు చదును దగ్గర ఉండండి, నేను నడిచి వస్తాను," అన్నారు షావుకారుతో. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత దమ్ము కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. బండి కదిలిపోయింది.

అడ్డాకులో సామబువ్వ, మామిడికాయ తొక్కు పెట్టారు. ఆయన అప్ప పక్కన గొంతుక్కూర్చుని తింటూ తనంతట తనే అడిగారు. "నువ్వెక్కడ్నుంచి వస్తావు?"

అప్ప చెయ్యెత్తి చూపించింది. కొండ మీద, చాలా పైన, చెట్ల సందున ఒక గడ్డికప్పు కనిపిస్తోంది.

"అంత పైనుంచా?"

"మరి సావుకారు దొడ్డిదాకా దిగితే ఇంకెంత ఎక్కాలో నువ్వే సూసుకో బాబూ. నా మోకాలు నీకు ఇచ్చీనా?"

ఆయన తినడం ఆపి కొండవైపు చూస్తూ ఉండిపోయారు. నా ఉపన్యాసం గొంతులోనే ఉంది. దానికి ఇప్పుడు పని లేదని నాకే అర్థమైంది. తొక్కు ఇంకొంచెం వడ్డించమని ఆకు ముందుకు జరిపాను.

బోర్డు సమావేశం రోజున నేను కచేరీ వరండాలో నిలబడి కిటికీలోంచి విన్నాను. మెంబరుగారు లేచారు. "నేను వెళ్లి అడిగాను. కొండవాళ్లకు సమ్మతి లేదు," అని కూర్చున్నారు. ఆవేశం లేదు, అలంకారం లేదు. మా సంస్కరణ సభల్లో అలాంటి ప్రసంగానికి చప్పట్లు పడవు. తీర్మానం వీగిపోయింది.

ఆయన మహానుభావుడైపోయారని నేను రాయను. తర్వాతి ఎన్నికల్లో షావుకారు బళ్లు ఇంకొకరికి కట్టాడు. మెంబరుగారు కాలినడకన ఇల్లిల్లూ తిరిగి ఓడిపోయారు. డబ్బు అంత తేలిగ్గా ఓడదు. కానీ ఈలోగా పజోరు కథ కొండ దిగి ఊళ్లన్నీ తిరిగింది. కొత్త అభ్యర్థి పందిరి వేసి మాట్లాడుతుంటే వెనకనుంచి ఎవడో రైతు, "బాబూ, ఈ పందిరి నీదేటి, సావుకారుదా?" అన్నాడు. నవ్వులు ఆగలేదు. ఆ తర్వాత ప్రతి సభలోనూ ఆ ప్రశ్న వచ్చింది. కొన్ని చోట్ల అడిగింది నేనే. ఓటున్న రైతులు అలా అడగడం మొదలుపెట్టాక, గెలిచిన కొత్త మెంబరుకు సంత పేరెత్తే ధైర్యం కలగలేదు. షావుకారు దొడ్డిలో చింతగింజలే ఎండేవి.

ఇదంతా కొండదేవత మహిమ అన్నవాళ్లు లేకపోలేదు. వాళ్లతో ఎప్పట్లాగే వాదించాను. ఒకసారి అప్పనే అడిగాను, "నువ్వే చెప్పు, దేవతేనా?"

"దేవతేటి పంతులూ, పొడుం!" అంది. ఇన్నేళ్ల వాదనలో ఆమె నాతో పూర్తిగా ఏకీభవించింది ఆ ఒక్కసారే.

ఆ ఊరినుంచి నాకు బదిలీ అయ్యేదాకా ఆదివారం తప్పలేదు. అల్లం అవసరం ఉన్నా లేకపోయినా కొనేవాణ్ని. సంత చెదిరాక ఆమె మిగిలిన బుట్ట నెత్తిన పెట్టుకుని మెల్లగా ఎక్కేది. నేను నల్లరాయి మీద కూర్చుని పైకి చూస్తూ ఉండేవాణ్ని. వెలుగు ఇంకా ఉండగానే ఆ గడ్డికప్పులోంచి పొగ లేచేది. అది చూసి నేను దిగేవాణ్ని.