అవ్వకు నచ్చని పురుగుల మందు

మా అవ్వ వెంకటలక్ష్మమ్మ దెబ్బకు కోయిలకుంట్ల పెంకుపురుగులు సగం ఊరు విడిచి బద్వేలులో కాపురం పెట్టాయి. మిగిలిన సగం మా విత్తన జొన్నల్లో ఉన్నాయి. పొద్దున లేస్తే మొహమైనా కడగదు. గాదె ముందు కూలబడి, జల్లెడలో కదిలినదాన్నల్లా బొటనవేలి గోటితో నలుపుతుంది. ఆ విత్తనం చెడితే ఈ ఏడు చేను బీడే. అందుకే నాయన, మందుల అంగడి రబ్బానీని పిలిచి జొన్నలకు కొత్త మందు పట్టించాడు. వారం దాటినా పురుగులు తిరుగుతూనే ఉన్నాయి. అవ్వ రబ్బానీని మళ్లీ పిలిపించి, జల్లెడ అతని ముక్కు కింద పెట్టింది.

“నీ మందు తిని బలిసినాయి, చూడప్పా.”

“ఇది పెద్దవాటిని చంపదవ్వా. పిల్లపురుగులను పెద్దవి కానీదు. ఈ ముసలివి పోతే ఇంక పురుగే ఉండదు.”

“పసిబిడ్డలను ఎదగనీకుండా చేసేది ఒక మందా? చేతనైతే పెద్దదాన్ని చంపు. ఇంకోసారి నా గాదె కాడ కనపడితే నిన్ను జల్లిస్తా.”

రబ్బానీ చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. అవ్వ మళ్లీ నలపడం మొదలుపెట్టింది.

“నువ్వు నలిపేవాటికి బిడ్డలు లేరా అవ్వా?” అన్నాను.

అవ్వ తలెత్తలేదు.

“నేనైతే వాటి మొగం చూసి చంపుతాండా. నోరు మూసుకొని జల్లెడ పట్టు.”