ఒక్కపొద్దు నాటి గోలీ

యాకుత్‌పురా స్టేషను వెనక మా గల్లీలో సత్తెమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. పాలు పలచగా ఉన్నాయని ఎవరైనా నసిగితే ఆ పూట వాళ్లింట్లో చాయ్ లేనట్టే. మొగుడు పోయాక నాలుగు బర్రెలతో ఒంటిచేత్తో సంసారం లాగిన మనిషి, కూతురు కళావతి దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోయేది.

కళావతికి పదహారేళ్లు, పదో తరగతి. డెబ్భై ఎనిమిది చలికాలంలో ఊరికే గుండెదడ, గల్లీ దాటాలంటే వణుకు మొదలయ్యాయి. గాలి సోకిందన్నవాళ్లను సత్తెమ్మ చెడామడా తిట్టి, నయాపూల్ దగ్గరున్న డాక్టరుకు చూపించింది. ఎదురింటిదాన్ని కనక నేనూ తోడు వెళ్లాను. ఆయన భయం తగ్గడానికి గోలీలు రాసి, "రోజూ పొద్దున ఒకటి. తిన్నాకే వేయాలి, ఖాళీ కడుపుతో వద్దు" అన్నాడు.

నెల తిరగకముందే పిల్ల తేరుకుంది. సత్తెమ్మ సంబరం పట్టలేక కూతురిచేత శనివారం ఒక్కపొద్దు పట్టించింది. దీపాలు పెట్టేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. కొన్నాళ్లకు దడ తిరగబెట్టింది. సోమవారం కూడా కలిపింది. తగ్గలేదు. గురువారం కూడా మొక్కుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. చర్చికి పోయేదాన్ని, వాళ్ల దేవుడి సంగతి నాకెందుకని నోరు మూసుకున్నాను. ఆ తెలివికి నన్ను చెప్పుతో కొట్టాలి.

మార్చిలో పరీక్షలు సోమవారం మొదలయ్యాయి. సత్తెమ్మతో పాటు నేనూ తోడు వెళ్లాను. బడి గేటు దగ్గరే కళావతి కూలబడిపోయింది. "ఊపిరాడతలేదే అమ్మా, సచ్చిపోత" అని ఒకటే ఏడుపు. లోపల గంట కొట్టారు, గేటు మూశారు. రిక్షాలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

"గోలీలు మానేశారా?"

"ఒక్కటి మానలే సారూ! నా చేత్తోని నేనే ఏసిన."

కళావతి తల వంచుకుంది. "ఒక్కపొద్దు నాడు ఎయ్యలే సార్."

"గట్లెట్ల ఏస్తం? తిన్నంకనే ఎయ్యాలంటిరి గద!" అంది సత్తెమ్మ.

"వారానికి ఎన్ని ఒక్కపొద్దులు?"

సత్తెమ్మ వేళ్లు ముడుస్తూ మూడో వేలు దగ్గర ఆగిపోయింది. తనేం చేసిందో అప్పుడు ఆమెకు అర్థమైంది. డాక్టరు కసరలేదు. ఇలా మధ్యలో తప్పిస్తుంటే భయం మళ్లీ మళ్లీ తిరగబెడుతుందనీ, ఏ బన్నో తిని గోలీ వేసుకున్నా సరిపోయేదనీ, విడమరచి చెప్పకపోవడం తన తప్పేననీ అన్నాడు.

బయట మెట్ల మీద సత్తెమ్మ కూలబడింది. "రాహేలక్కా, బిడ్డ బాగుండాలెనని మొక్కిన. నేనే దాన్ని గిట్ల జేసుకున్ననా?" ఎదురు హోటల్లో బన్ను కొనుక్కొచ్చి ఇచ్చాను. ఆమె ముక్క తుంచి కూతురి నోటికి అందించింది.

కళావతి బెదిరిపోయి వెనక్కి జరిగింది. "వద్దే అమ్మా, ఇయ్యాల సోమారం. పాపం తగుల్తది."

"తగిలితే నాకే తగలనియ్యి బిడ్డా. నువ్వు తిను."